రెండు రోజుల్లో తేల్చిన స్పీకర్

పశ్చిమ ఆఫ్రికా దేశమైన ఘనా పార్లమెంటులో 2024 అక్టోబరు 15న ఓ ఫిర్యాదు లేచింది. నలుగురు సభ్యుల్లో ముగ్గురు పార్టీ వదిలి ఇండిపెండెంట్లుగా, ఇండిపెండెంట్‌గా గెలిచిన ఒకరు పార్టీ టికెట్టుపై డిసెంబరు ఎన్నికల్లో పోటీకి దిగుతున్నారు కనుక రాజ్యాంగంలోని 97వ అధికరణం ప్రకారం వారి స్థానాలు ఖాళీ అయినట్టేనన్నది వాదన. 17వ తేదీకల్లా స్పీకర్ ఆల్బన్ బాగ్‌బిన్ ఆ నాలుగూ ఖాళీ అయ్యాయని ప్రకటించేశారు. మన రాష్ట్రాల ఫిరాయింపుల బాగోతం చూసి విసిగిపోయిన మాకు, ఆ తీర్పు కంటే ఆ వేగమే ఎక్కువ ఆశ్చర్యం కలిగించింది.

బాగ్‌బిన్ నిన్నమొన్న వచ్చిన నాయకుడు కాదు. వాయవ్య మూలన ఉండే అప్పర్ వెస్ట్ ప్రాంతంలోని సోంబో ఆయన సొంతూరు. లా చదివి న్యాయవాది అయ్యారు. సైనిక పాలన నుంచి దేశం బయటపడుతున్న 1992లో నేషనల్ డెమోక్రాటిక్ కాంగ్రెస్ (ఎన్డీసీ) పార్టీ తరఫున తొలిసారి నెగ్గారు. ఆ తర్వాత 2016 దాకా ఏ ఎన్నికలోనూ ఓడలేదు. ఏడు గెలుపులు, 28 ఏళ్ల సభ్యత్వం. ప్రతిపక్ష నేతగా, అధికార పక్ష నేతగా, మంత్రిగా, డిప్యూటీ స్పీకర్‌గా సభను అన్ని కుర్చీల్లోంచీ చూశారు. కొందరు ఎంపీలు లంచాలు తీసుకుంటున్నారని 2014లో బహిరంగంగా అన్నారు. ఆ మాటకు తోటి సభ్యులే భగ్గుమన్నారు.

2020 ఎన్నికల్లో ఆయన పోటీ చేయలేదు. ఆ ఎన్నికల్లో 275 స్థానాల సభలో అధ్యక్షుడి పార్టీ అయిన న్యూ పేట్రియాటిక్ పార్టీ (ఎన్‌పీపీ)కి 137, ఎన్డీసీకి 137 వచ్చాయి. మిగిలిన ఒక్కరు ఎన్‌పీపీ వైపు నిలిచిన ఇండిపెండెంట్. 2021 జనవరి 6 రాత్రి మొదలైన స్పీకర్ ఎన్నిక తెల్లవారేదాకా సాగింది. ఒక ఎంపీ బ్యాలెట్ కాగితాలు లాక్కుని పరుగు తీశారు. సాయుధ సైనికులు సభ లోపలికే వచ్చేశారు. అంత గందరగోళం మధ్య బాగ్‌బిన్ స్పీకర్ అయ్యారు. అధ్యక్షుడిది ఒక పార్టీ, స్పీకర్‌ది మరో పార్టీ కావడం ఘనాలో అదే మొదటిసారి.

ఆయన తప్పులు చేయలేదని మేము అనడం లేదు. 2021 నవంబరు 26న అధికార పక్షం వాకౌట్ చేస్తే, ఉన్న 137 మందితోనే బడ్జెట్ తిరస్కరణకు గురైందని ప్రకటించారు. నిర్ణయం చెల్లాలంటే సభలో కనీసం సగం మంది, అంటే 138 మంది ఉండాలి. నాలుగు రోజుల తర్వాత, ఆయన లేనప్పుడు, సభ నడిపిన డిప్యూటీ స్పీకర్ తననూ లెక్కలో కలుపుకుని 138 చేసి బడ్జెట్‌ను నెగ్గించేశారు. 2024 తీర్పు మీదా పక్షపాత విమర్శలు వచ్చాయి. నలుగురిలో ఒకరు ఎన్డీసీ వారే అయినా, ఆ తీర్పుతో లెక్క ఎన్డీసీకి 136, ఎన్‌పీపీకి 135గా మారి, ఆయన పాత పార్టీకే ఆధిక్యం దక్కింది మరి. ఎన్డీసీ సభ్యులు వెళ్లి అధికార పక్షం బెంచీల్లో కూర్చున్నారు. సభ నిరవధికంగా వాయిదా పడింది. నవంబరు 12న సుప్రీంకోర్టు 5-2 తేడాతో ఆయన తీర్పును కొట్టేసింది. సభలో ఉండగానే పార్టీ మారి కొత్త పార్టీ తరఫున కూర్చుంటేనే స్థానం పోతుందని, వచ్చే ఎన్నికల నామినేషన్‌తో పోదని తేల్చింది.

ఇక్కడే మన నాయకులు ఆగి ఆలోచించాలి. ఫిర్యాదు, తీర్పు, దాన్ని కోర్టు సరిదిద్దడం అన్నీ నెల లోపే అయిపోయాయి. స్పీకర్ తప్పుగా తేల్చినా కోర్టు దిద్దగలిగింది. తేల్చకుండా నాన్చితే దిద్దడానికి ఏముంటుంది? తెలంగాణలో పది మంది బీఆర్ఎస్ ఎమ్మెల్యేలు కాంగ్రెస్‌లోకి వెళ్లారన్న ఫిర్యాదులు 2024లోనే మొదలయ్యాయి. వారిలో ఒకరు బీఆర్ఎస్ ఎమ్మెల్యేగా ఉంటూనే కాంగ్రెస్ టికెట్టుపై లోక్‌సభకు పోటీ చేశారు. చివరికి 2025 జులై 31న, మూడు నెలల్లో తేల్చండని స్పీకర్‌కు సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2014-19 మధ్య 23 మంది వైసీపీ ఎమ్మెల్యేలు టీడీపీలో చేరారు, నలుగురు మంత్రులయ్యారు. ఒక్కరి మీదా వేటు పడకుండానే ఆ సభ కాలం తీరిపోయింది. వారికి ఓటేసిన జనానికి జరిగిన అన్యాయానికి ఎవరూ జవాబు చెప్పలేదు.

ఘనాలో స్పీకర్‌గా ఎన్నికైన ఎంపీ తన స్థానాన్ని వదులుకోవాల్సిందే. స్పీకర్‌కు ఓటూ ఉండదు. అక్కడ పక్షపాతం లేదని కాదు, కనీసం నియోజకవర్గం, టికెట్టు టెన్షన్ ఉండదు. మన రాజ్యాంగంలోని ఫిరాయింపుల నిరోధక చట్టమైన పదో షెడ్యూలు కూడా స్పీకర్ పార్టీకి రాజీనామా చేయడానికి వీలిస్తోంది. ఆ చట్టం రాకముందే, 1967లో లోక్‌సభ స్పీకర్ అయిన నీలం సంజీవరెడ్డి కాంగ్రెస్‌ను వదిలేశారు. ఆ దారిలో నడవడానికి తర్వాతి వారికి మనసు రాలేదు.

ఎన్డీసీ భారీ మెజారిటీతో తిరిగొచ్చాక 2025 జనవరి 7న బాగ్‌బిన్ పోటీ లేకుండా మళ్లీ స్పీకర్ అయ్యారు. ఆయనలాంటి మనిషి దొరుకుతాడని మనం ఎదురుచూడనక్కర్లేదు. ఫిరాయింపు ఫిర్యాదుపై మూడు నెలల గడువును పదో షెడ్యూలులోనే రాయాలి. గడువు దాటితే ఆ అధికారం రిటైర్డ్ న్యాయమూర్తి నాయకత్వంలోని ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. అలాంటి ట్రిబ్యునల్ గురించి ఆలోచించమని 2020లోనే సుప్రీంకోర్టు పార్లమెంటుకు సూచించింది. ఈ సవరణ కోసం రెండు రాష్ట్రాల ఎంపీలు పార్టీలకు అతీతంగా గట్టిగా పట్టుబట్టాలని కోరుతున్నాం.