ఊరి పటం ఊరే గీయాలి

పల్లెల్లో సిమెంటు రోడ్డు మళ్లీ వేసిన ప్రతిసారీ వీధి ఎత్తు పెరుగుతుంది. పాతది తవ్వకుండా దానిమీదే కొత్తది పోస్తారు. రెండు మూడుసార్లయ్యేసరికి అరుగు రోడ్డులో కలిసిపోతుంది, గడప కిందికి దిగుతుంది, వానొస్తే నీళ్లు నట్టింట్లోకొస్తాయి. ఇందులో అవినీతి ఉండాల్సిన పనిలేదు. ఎస్టిమేట్ పక్కాగానే ఉంటుంది, బిల్లూ సక్రమంగానే వస్తుంది. ఆ వీధిలో గడప ఎత్తెంతో రాసిపెట్టిన కాగితమే ఎక్కడా ఉండదు.

ఇంగ్లండ్ పల్లెలకు అలాంటి కాగితం రాసుకునే అలవాటుంది. 1990ల నుంచి అక్కడ దాన్ని విలేజ్ డిజైన్ స్టేట్‌మెంట్ అంటున్నారు. ఊరివాళ్లే వీధులు తిరిగి, ఇళ్ల కప్పులెలా ఉన్నాయో, ఏ పొలం గట్టు దగ్గర ఊరు ఆగాలో రాసుకుంటారు. స్థానిక ప్రభుత్వం ఆమోదిస్తే, ఇళ్ల అనుమతులిచ్చేటప్పుడు దాన్నీ చూస్తారు. 2011 లోకలిజం చట్టం మరో అడుగు వేసింది. ఊరు తయారుచేసుకున్న ప్రణాళిక ప్రజాభిప్రాయ ఓటింగులో నెగ్గితే దానికి చట్టబద్ధత వస్తుంది. అయితే తీరికా ఆస్తీ ఉన్నవారు కొత్త ఇళ్లు రానీయకుండా ఈ ఏర్పాటును వాడుకుంటున్నారన్న విమర్శ అక్కడా ఉంది. మన దగ్గర ఆ ముప్పు ఇంకా పెద్దది. పటం గీసే పని నాలుగు పెద్దిళ్లకు వదిలేస్తే దళితవాడ మళ్లీ ఊరి చివరే మిగులుతుంది.

మనకు ప్రణాళికలకు కొదవేమీ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఆగస్టు 23న ఒకేరోజు 13,326 పంచాయతీల్లో గ్రామసభలు పెట్టి ఉపాధి హామీ పనులకు తీర్మానాలు చేశారు. మెచ్చదగ్గదే. కానీ పనుల జాబితా వేరు, ఊరు ఎటు పెరగాలన్న నిర్ణయం వేరు. ఆ రెండోదాని కోసం కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2021లో గ్రామీణ ప్రణాళికా మార్గదర్శకాలను సవరించి విడుదల చేసింది. వాటి పేరు విన్న సర్పంచులు ఎందరు? 2020లో మొదలైన స్వామిత్వ పథకం డ్రోన్లతో గ్రామకంఠాన్ని, అంటే ఊళ్లో ఇళ్లున్న నేలను, కొలుస్తోంది. డ్రోనుకు కప్పులు కనిపిస్తాయి. పాత అలుగు నీళ్లు ఎటు పారేవో, కళ్లాలు ఎక్కడుండేవో ఊళ్లో ముసలివాళ్లను అడిగితేనే తెలుస్తుంది. కళ్లాలు ప్లాట్లైపోయాక వడ్లు తారురోడ్డెక్కాయి.

ఈలోగా హైవే పక్క పొలాల్లో హద్దురాళ్లు లేస్తున్నాయి. లేఅవుట్‌కు సాంకేతిక ఆమోదం పట్టణ, గ్రామీణ ప్రణాళికా విభాగం నుంచి రావాలి. ఆ ఫైలులో రోడ్ల వెడల్పు ఉంటుంది, 10 శాతం ఖాళీస్థలం ఉంటుంది. అది తరచూ ఎవరికీ పనికిరాని మూలముక్కే. అసలు అనుమతే లేని వెంచర్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. తెలంగాణలో 2020లో క్రమబద్ధీకరణకు పిలిస్తే పట్టణాలూ పల్లెలూ కలిపి దాదాపు 25 లక్షల దరఖాస్తులొచ్చాయి. ముందు అమ్మడం, తర్వాత దిద్దుకోవడం ఆనవాయితీ అయింది.

అందుకే ఊరి పటంలో మొదటి పేజీ నీళ్లది కావాలి: చెరువు శిఖం (నీళ్లు నిలిచే నేల), అలుగు, వాగు, గొలుసుకట్టు కాలువలు. ఆ తర్వాత డొంకలు, బండ్లబాటలు. ఇళ్ల సంగతి ఆఖరున. గ్రామసభ ఆమోదించిన ఈ పటం లేకుండా ఏ లేఅవుట్ ఫైలూ కదలకూడదు. దాన్ని కాదని అనుమతిస్తే అధికారి కారణం రాతపూర్వకంగా చెప్పాలి. తెలంగాణ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాల్సిందే. అందులో ఒకదాన్ని ఈ పనికి కేటాయించవచ్చు. ఆ సభ పంచాయతీ ఆఫీసు ముందు కాదు, ఎస్సీ కాలనీలో పెట్టాలి.