డాలన్ తాత ఇంటి ముందున్న పెట్టె గారికి

మహారాజశ్రీ పెట్టె గారికి,
లోటౌన్, రబనాస్టర్ నగరం, డాల్మాస్కా రాజ్యం.

నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడగను. క్షేమం లేనిది మిమ్మల్ని ముట్టుకున్నవాళ్ళకే కదా.

మీకు నేను గుర్తుండను. 2006లో ప్లేస్టేషన్ 2 మీద వచ్చిన ఫైనల్ ఫాంటసీ 12 అనే వీడియో గేమ్‌లో, ఆట మొదలైన రెండు గంటల్లోపే, డాలన్ తాత దగ్గరికి వెళ్తూ వెళ్తూ మీ మూత ఎత్తిన లక్షల మందిలో నేనొకడిని. లోపల ఒక పోషన్ ఉంది, అంటే గాయాలు మాన్పే మందు. కొట్లో 70 గిల్ (ఆ ఆటలో డబ్బు) పడేస్తే ఇచ్చే సీసా. ఊరికే వచ్చింది కదా అని సంబరపడ్డాను కూడా.

ఆ తర్వాత యాభై ఎనిమిది గంటలు ఆడాను. ఎడారులు దాటాను, గనుల్లో దూరాను, చివరికి నాబుడిస్ శిథిలాల్లోకి చేరాను. బతికున్న మనిషి కనిపించని ఊరది. అక్కడ గుంపుగా పెట్టెలు, అన్నీ ఒకే అచ్చు. వాటిలో ఒకదాంట్లో జోడియాక్ స్పియర్ ఉంటుందట. దాడి బలం 150. ఆ ఈటె చేతిలో ఉంటే మిగతా ఆటంతా షికారే. ఉత్సాహం పట్టలేక బావకి ఫోన్ చేశాను.

"అంతా బానే ఉంది గానీ, మొదట్లో డాలన్ ఇంటి ముందు పెట్టె ఉంటుంది, అది తెరవలేదు కదా?" అన్నాడు.

"తెరిచాను బావా. ఏం?"

అవతల కాసేపు మాట లేదు. తర్వాత, ఎవరో పోయినప్పుడు మాట్లాడే గొంతుతో, "సరేలే, ఏం చేస్తాం. అన్నం తిన్నావా?" అన్నాడు.

అప్పుడు తెలిసింది మీ ఘనకార్యం. ఆటలో ఎక్కడెక్కడో నాలుగు పెట్టెలు. మీరొకరు. రాజభవనం గిడ్డంగి మూలన మీ తమ్ముడొకడు. నాల్బినా చెరలో, జప్తు చేసిన సామాన్ల గదిలో ఇంకొకడు. ఫోన్ అనే సముద్రతీరం ఇసుకలో, పెట్టెల గుంపులో గోవిందలా నాలుగోవాడు. ఈ నలుగురిలో ఏ ఒక్కరి మూత ఎత్తినా, ఎక్కడో నాబుడిస్‌లో ఆ ఈటె ఆవిరైపోతుంది. మీ ఒంటి మీద గుర్తు లేదు. ఊళ్ళో ఒక్కడూ నోరు విప్పడు. డాలన్ తాత ఊరందరి గుట్టూ తెలిసినవాడు, తన గుమ్మం ముందు కూర్చున్న మీ గురించి మాత్రం పెదవి కదపడు.

మా అమ్మమ్మ చెప్పిన కథల్లోనూ ఇలాంటివి ఉండేవి. "మూడు దిక్కులకీ వెళ్ళు నాయనా, ఉత్తర దిక్కుకి మాత్రం వెళ్ళకు" అని రాజకుమారుడికి పేదరాశి పెద్దమ్మ చెప్పి పంపేది. వాడు వెళ్ళేవాడు, అనుభవించేవాడు. కానీ పెద్దమ్మ చెప్పింది! చెప్పాక వెళ్తే అది వాడి తప్పు. మీ రాజ్యంలో పెద్దమ్మ నాలుగు దిక్కులూ చూపించి, నవ్వుతూ సాగనంపి, యాభై ఎనిమిది గంటలయ్యాక తలుపేసుకుంది. ఆవిడ మాట ఎక్కడుందంటే, విడిగా డబ్బు పెట్టి కొనుక్కోవాల్సిన గైడ్ పుస్తకంలో ఉంది. ఇదంతా ఆ పుస్తకం అమ్ముకోవడానికేనని మా బావ అనుమానం. నేను అంత చెడ్డగా ఆలోచించను. అంటే, పగటిపూట ఆలోచించను.

ఇంకో సంగతి. ఆ హీరో వాన్ ఎవరు? సామ్రాజ్యం సైనికుల జేబులు కొట్టి బతికే పదిహేడేళ్ళ అనాథ. రాజభవనంలోకి వాడు వెళ్ళిందే నిధి దొంగిలించడానికి. అలాంటివాడు గిడ్డంగిలో పెట్టె కనబడితే చేతులు కట్టుకుని పక్కనుంచి వెళ్ళిపోవాలట! దొంగతనానికొచ్చి పెట్టె ముట్టని దొంగని నేను ఏ ఊళ్ళోనూ చూడలేదు. చెరలో అయితే మరీ అన్యాయం. మన సామాన్లు మనం తెచ్చుకోవడానికి వెళ్ళిన గదిలో, పక్కనున్నది ముట్టుకుంటే పాపం.

మీ జాతిలో మిగతావాళ్ళు నయం. ఒకసారి ఖాళీ చేసినా, అటూ ఇటూ తిరిగొస్తే మళ్ళీ నిండుతారు. మీ నలుగురి పద్దులోనే మాఫీ లేదు.

పూర్తిగా దారి మూసేశారని అనను. హెన్నే గనుల్లో ఇంకో పెట్టె ఉంది. పదిసార్లు వెళ్తే ఒకసారి కనబడుతుంది. కనబడ్డా పదింట తొమ్మిదిసార్లు చిల్లర డబ్బులు. చిల్లర కాని ఆ ఒక్కసారీ ఈటె దక్కే అవకాశం మళ్ళీ పదింట ఒకటి. లెక్క వేసుకోండి, వెయ్యికొకటి. సెలవుల్లో నేను రెండు వందల దాకా తిరిగాను. ఆ గబ్బిలాలకి నా నడక తీరు కంఠతా వచ్చేసింది. ఈటె రాలేదు. "పోనీ ఉద్యోగం కోసం తిరగరాదూ" అని అమ్మ అంది. అందులో అవకాశం అంతకన్నా మెరుగే, నిజానికి.

తర్వాత తయారుచేసినవాళ్ళకే మనసు కరిగినట్టుంది. 2007లో జపాన్‌లో వచ్చిన మార్పుల వెర్షన్‌లో మీ నలుగురి నిషేధమూ ఎత్తేశారు. 2017లో ప్లేస్టేషన్ 4 మీద వచ్చిన ది జోడియాక్ ఏజ్ కూడా ఆ దారినే వచ్చింది. మీకు రిటైర్మెంట్ అన్నమాట. కానీ వంశం ఊరుకుంటుందా! ఎగిరే ఓడ డెక్ మీద కంటికి కనిపించని పెట్టె ఒకటి పెట్టారు. అందులో కంటికి కనిపించని విల్లు, సైటెన్‌గ్రాట్. దొరికే అవకాశం పదివేలకొకటి. ఉందో లేదో తెలియని పెట్టెలో ఉందో లేదో తెలియని విల్లు. మీరు దానికన్నా మర్యాదస్తులే, కనీసం కనబడి ముంచారు.

కొత్త వెర్షన్ నేనూ కొన్నాను. పోయిన ఆదివారం మళ్ళీ లోటౌన్ వచ్చాను. మీరు అక్కడే ఉన్నారు. ఇప్పుడు మిమ్మల్ని తెరిస్తే ఏమీ కాదని నాకు తెలుసు. బావ పక్కనే కూర్చుని, "తెరవరా, ఇప్పుడేం కాదు" అని కూడా అన్నాడు. బటన్ మీద వేలు పెట్టాను. కాసేపు అలాగే నిలబడి, మీ చుట్టూ తిరిగి, డాలన్ తాత ఇంట్లోకి వెళ్ళిపోయాను.

ఇట్లు,
70 గిల్ పోషన్ ఇంకా వాడకుండా దాచుకున్న
మీ వాన్

తా.క.: ఫోన్ తీరంలో ఉన్న మీ తమ్ముడికి ఈ ఉత్తరం చదివి వినిపించండి. ఆ గుంపులో అతనెవరో నాకు ఇప్పటికీ తెలీదు కాబట్టి విడిగా రాయలేకపోతున్నాను.