‘ఓ3 పెడితే చాలు, లూపుల సంగతి కంపైలర్ చూసుకుంటుంది’ అన్న సలహాకు నా జవాబు

ఇంజనీరింగ్ విద్యార్థుల మధ్య, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ల మధ్య ఒక సలహా చేతులు మారుతూ ఉంటుంది. దాని సారాంశం ఇది: “సీ, సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రాములకు ఓ3 ఫ్లాగ్ పెట్టండి. ఇప్పటి కంపైలర్లు లూపులన్నింటినీ వాటంతట అవే వెక్టరైజ్ చేస్తాయి. ఏదైనా మొండికేస్తే ఫాస్ట్‌మ్యాత్ కలపండి, నష్టమేమీ లేదు. రిజిస్టర్‌లో ఎనిమిది సంఖ్యలు పడతాయి కాబట్టి వేగం ఎనిమిది రెట్లు. ఇది ఎప్పుడో తేలిపోయిన సమస్య, దానిమీద సమయం పెట్టకండి.”

ఈ సలహా నమ్మి నెలల తరబడి నెమ్మదైన ప్రోగ్రాములతో అవస్థపడినవాళ్లను చూశాను. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు రాస్తున్నాను. కంపైలర్ అంటే మనం రాసిన కోడ్‌ను ప్రాసెసర్ ఆదేశాలుగా మార్చే ప్రోగ్రామ్, ఫ్లాగ్ అంటే దానికిచ్చే సూచన, లూపు అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేసే కోడ్ భాగం. వెక్టరైజేషన్ అంటే తెలియనివారికి ఒక్క ముక్క: రెండు వరుసల్లోని సంఖ్యలను జతజతగా కూడాలంటే మామూలు కోడ్ ఒక్కో జతను తీసుకుంటుంది. వెక్టర్ కోడ్ ఒకే ఆదేశంతో నాలుగో, ఎనిమిదో, పదహారో జతలను కలిపి కూడుతుంది. లూపును మనం మామూలుగానే రాస్తాం, ఈ రూపంలోకి కంపైలర్ మారుస్తుంది. మార్చగలిగితేనే.

మొదటి మాట, “ఓ3 పెట్టండి చాలు.” ఓ3 అనేది ఎంత శ్రమపడాలో కంపైలర్‌కు చెబుతుంది. ఏ ప్రాసెసర్ కోసం శ్రమపడాలో చెప్పదు. ఆ సంగతి విడిగా చెప్పకపోతే, 64 బిట్ల ఎక్స్86 యంత్రాలన్నింటిలోనూ (ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లున్నవి) తప్పక ఉండే ఎస్ఎస్ఈ2 ఆదేశాలకే జీసీసీ, క్లాంగ్ అనే కంపైలర్లు పరిమితమవుతాయి. వాటి రిజిస్టర్ (లెక్క చేసేటప్పుడు ప్రాసెసర్ సంఖ్యలను ఉంచుకునే గది) వెడల్పు 128 బిట్లు, అంటే నాలుగు ఫ్లోట్ సంఖ్యలు (32 బిట్ల దశాంశ సంఖ్యలు). 256 బిట్ల ఏవీఎక్స్2 ఇంటెల్ ప్రాసెసర్లలోకి 2013లో వచ్చింది. మీ బల్లమీది యంత్రంలో అది ఉండనే ఉంటుంది, కానీ మీరు కంపైల్ చేసిన ప్రోగ్రామ్ దాన్ని తాకదు. తాళం వేసితిని, గొళ్ళెం మరచితిని అన్నట్టుగా ఉంటుంది వ్యవహారం. ‘మార్చ్’ ఫ్లాగ్‌తో ప్రాసెసర్ పేరు చెప్పాలి. అయితే అలా కట్టిన ప్రోగ్రామ్‌ను పాత యంత్రంమీదికి తీసుకెళ్తే తెలియని ఆదేశం దగ్గర ఆగిపోతుంది. కాబట్టి పదిమందికీ పంచే ప్రోగ్రామ్ అయితే ముఖ్యమైన ఫంక్షన్లను రెండు మూడు రకాలుగా కంపైల్ చేయించి, నడిచేటప్పుడు తగినదాన్ని ఎంచుకునే ఏర్పాటు చేసుకోవాలి. జీసీసీలోనూ క్లాంగ్‌లోనూ దానికి సౌకర్యం ఉంది.

రెండో మాట, “లూపులన్నింటినీ వాటంతట అవే చేస్తాయి.” అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

మా బృందంలో కొత్తగా చేరిన ఒక అమ్మాయి ఒకరోజు తన లూపు చూపించింది. బొమ్మలోని ప్రతి పిక్సెల్ వెలుగును సగానికి తగ్గించాలి. ఇంతకన్నా సులువైన లూపు ఉండదు. బొమ్మ ఒక స్ట్రక్చర్. అందులో పిక్సెళ్ల మొదటి అడ్రసు ఒక ఫీల్డు, పిక్సెళ్ల సంఖ్య మరో ఫీల్డు. లూపు సున్నా నుంచి ఆ సంఖ్య దాకా తిరుగుతుంది, ఒక్కో పిక్సెల్ ఒక్కో బైటు. ఓ3 ఉంది, మార్చ్ ఉంది. అయినా వెక్టర్ ఆదేశం ఒక్కటీ లేదు.

“ఇందులో కంపైలర్‌కు అర్థం కానిది ఏముందండీ?” అని అడిగింది.

కంపైలర్‌నే అడుగుదామన్నాను. క్లాంగ్‌లో ‘ఆర్‌పాస్’ వరుస ఫ్లాగులు, జీసీసీలో ‘ఎఫ్ఆప్ట్ఇన్ఫో’ ఫ్లాగు పెడితే ఏ లూపు మారిందో, ఏది మారలేదో, ఎందుకు మారలేదో పంక్తి నంబరుతో సహా చెబుతాయి. వచ్చిన సమాధానం: ఈ లూపు ఎన్నిసార్లు తిరుగుతుందో తేల్చుకోలేకపోయాను.

ఆ అమ్మాయి తెల్లబోయింది. సంఖ్య ఎదురుగా స్ట్రక్చర్‌లోనే ఉంది కదా! కానీ సీ భాష నియమం గుర్తు చేసుకోండి. క్యారెక్టర్ (ఒక్క బైటు) రకం పాయింటర్ (మెమరీ అడ్రసును ఉంచుకునే చలరాశి) ద్వారా మెమరీలో ఏ వస్తువునైనా మార్చవచ్చు. పిక్సెళ్లు అన్‌సైన్డ్ క్యారెక్టర్లు. అందువల్ల ఒక పిక్సెల్ రాసినప్పుడు ఆ రాత పిక్సెళ్ల సంఖ్య ఉన్న చోటే పడవచ్చు. పిక్సెళ్ల అడ్రసుమీదే పడవచ్చు. అలాంటి పిచ్చి పని ఎవరూ చేయరని మనకు తెలుసు. కంపైలర్‌కు తెలియదు, తెలియని దాన్ని ఊహించే అధికారమూ దానికి లేదు. అందుకే ప్రతి పిక్సెల్ రాశాక సంఖ్యను మళ్లీ చదువుకుంటుంది. ఎన్నిసార్లు తిరగాలో ముందుగా తెలియని లూపును ముప్పైరెండేసి పిక్సెళ్ల చొప్పున కట్టలు కట్టడం ఎలా?

ఆ రెండు ఫీల్డులనూ లూపుకు ముందే రెండు స్థానిక చలరాశుల్లోకి తీసుకోమన్నాను. రెండే పంక్తులు. వెంటనే లూపు వెక్టరైజ్ అయింది. అదే లూపులో బైట్ల బదులు ఫ్లోట్ సంఖ్యలు ఉండి ఉంటే ఆ మార్పు కూడా అవసరమయ్యేది కాదు, ఎందుకంటే ఫ్లోట్‌లో రాసిన రాత ఇంటీజర్‌ను మార్చదని అనుకునే హక్కును భాషే కంపైలర్‌కు ఇచ్చింది.

పాయింటర్ల సంగతి మొత్తం ఇదే తీరు. ‘ఎ’ వరుసలో ‘బి’, ‘సి’ల మొత్తాన్ని రాసే ఫంక్షన్ ఉందనుకోండి. పిలిచేవాళ్లు ‘బి’ స్థానంలో ‘ఎ’కు ఒక గడి ముందున్న అడ్రసును ఇస్తే, ప్రతి ఫలితమూ తర్వాతి లెక్కకు ముడిసరుకు అవుతుంది. అప్పుడు నాలుగింటిని కలిపి చేస్తే జవాబు తప్పు. కంపైలర్లు దీనికి చక్కటి ఉపాయం చేస్తాయి: లూపును రెండు రూపాల్లో ఉంచి, నడిచేముందు అడ్రసులు పరస్పరం తగులుతున్నాయో లేదో చూసి, తగలకపోతే వెక్టర్ రూపంలోకి వెళ్తాయి. కానీ పాయింటర్లు పెరిగేకొద్దీ తనిఖీలూ పెరుగుతాయి. ఒక హద్దు దాటగానే కంపైలర్ విరమించుకుంటుంది. ఫోర్ట్రాన్‌లో ఈ ఇబ్బంది చాలావరకు లేదు, ఫంక్షన్‌కు వచ్చిన వరుసల్లో రాసేవి మిగతావాటితో కలవకూడదని భాషే కట్టడి చేసింది. సీ భాషలో అదే మాట ఇవ్వడానికి 1999 ప్రమాణంలో ‘రెస్ట్రిక్ట్’ వచ్చింది. దాన్ని వాడేవాళ్లు ఇప్పటికీ తక్కువే, అదే నా బాధ. ఆ మాట ఇచ్చాక తప్పితే మాత్రం ఫలితానికి పూచీ మనదే.

ఇలాంటి అడ్డంకులు ఇంకా ఉన్నాయి. 32 బిట్ల అన్‌సైన్డ్ సూచికను వాడితే అది 429 కోట్లు దాటగానే మళ్లీ సున్నాకు రావాలని భాష చెబుతోంది. దానితో, అడ్రసులు వరుసగా పెరుగుతాయని కంపైలర్ నేరుగా నమ్మలేదు. వర్గమూలం తీసే మామూలు ఫంక్షన్ ఋణసంఖ్య వస్తే ‘ఎర్‌నో’ అనే లోపాల చలరాశిలో నమోదు చేయాలి. ఎవరూ చూడని ఆ ఒక్క నమోదు కోసం లూపు మొత్తం వెక్టరైజ్ కాకుండా పోతుంది. ‘ఎర్‌నో’ అవసరం లేదని చెప్పే ఫ్లాగ్ విడిగా ఉంది, పెట్టుకోవచ్చు.

మూడో మాట, “ఫాస్ట్‌మ్యాత్ కలపండి, నష్టమేమీ లేదు.” ఈ మాటే నాకు అన్నిటికన్నా ప్రమాదకరంగా కనిపిస్తుంది, ఎందుకంటే ప్రోగ్రామ్ వేగంగానే నడుస్తుంది, జవాబు మాత్రం మారుతుంది.

ఫాస్ట్‌మ్యాత్ ఇచ్చే అనుమతుల్లో ఒకటి, కూడికల క్రమాన్ని కంపైలర్ మార్చుకోవచ్చన్నది. దాని ఫలితం కాగితంమీద చూద్దాం. ఫ్లోట్ సంఖ్యకు 24 బిట్ల కచ్చితత్వం ఉంటుంది. రెండు ఘాతం 24 అంటే 1,67,77,216. ఆ విలువకు 1 కలిపితే నిజమైన మొత్తం ఫ్లోట్‌లో ఇమడదు, సవరణ తర్వాత మళ్లీ 1,67,77,216 దగ్గరికే వస్తుంది. ఇప్పుడు పదహారు సంఖ్యల వరుస తీసుకోండి: మొదటిది 1,67,77,216, మిగతా పదిహేనూ ఒకట్లు. వరుసక్రమంలో కూడితే ఒక్కో 1 కలిపినప్పుడల్లా మొత్తం అక్కడే ఉండిపోతుంది. జవాబు 1,67,77,216. అదే నాలుగు గడుల వెక్టర్‌లో కూడితే మొదటి గడిలో పెద్ద సంఖ్య కదలకుండా ఉంటుంది, మిగతా మూడు గడుల్లో నాలుగేసి ఒకట్లు పోగవుతాయి. చివర నాలుగు గడులనూ కలిపితే 1,67,77,228. అసలు మొత్తం 1,67,77,231.

చూశారు కదా, వెక్టర్ జవాబే నిజానికి దగ్గరగా ఉంది. అయినా కంపైలర్ దాన్ని తనంతట తాను ఎంచుకోదు. ప్రోగ్రామర్ రాసిన క్రమానికి ఒక అర్థముంది, ఆ అర్థాన్ని మార్చకపోవడం దాని ధర్మం. ఫ్లోట్ మొత్తాలు కూడే లూపు ఓ3లో కూడా వెక్టరైజ్ కాకపోవడానికి కారణం ఇదొక్కటే.

ఫాస్ట్‌మ్యాత్ ఈ క్రమాన్ని మార్చే అనుమతితో ఆగదు. అనంతాలు, ‘సంఖ్య కానిది’ అనే విలువలు అసలు రావని కూడా కంపైలర్‌కు మాట ఇస్తుంది. అప్పుడు చెడిన విలువను పట్టుకోవడానికి మీరు రాసుకున్న ‘ఈజ్‌నాన్’ తనిఖీని అనవసరమని తీసేయవచ్చు. కూడికలో పోయే చిన్న చిన్న భాగాలను దాచుకుని మళ్లీ కలిపే కహాన్ పద్ధతి ఉంది. అందులోని సవరణ పదం బీజగణితం ప్రకారం సున్నా. కంపైలర్ దాన్ని సున్నాగానే సరళం చేసేస్తుంది, పద్ధతి మొత్తం వృథా అవుతుంది. మరొకటి: జీసీసీలో చాలాకాలం పాటు, ఈ ఫ్లాగ్‌తో కట్టిన షేర్డ్ లైబ్రరీ (చాలా ప్రోగ్రాములు కలిసి వాడుకునే కోడ్) లోడు కాగానే ప్రాసెసర్ అతి చిన్న సంఖ్యలను సున్నాగా చూసే స్థితికి మారేది. ఆ లైబ్రరీని వాడుకున్న పాపానికి, ఆ ఫ్లాగ్ పేరే ఎరుగని ప్రోగ్రామ్ లెక్కలు కూడా మారేవి. 2023లో వచ్చిన జీసీసీ 13లో గానీ షేర్డ్ లైబ్రరీల విషయంలో దీన్ని సరిదిద్దలేదు.

కూడికల క్రమం మారినా ఫర్వాలేదనుకున్న లూపు ఒక్కటే ఉంటే, అనుమతి ఆ ఒక్కదానికే ఇవ్వండి. సమాంతరంగా పని చేయించే సూచనల ప్రమాణం ఓపెన్‌ఎంపీ. 2013 నాటి దాని 4.0 వెర్షన్‌లో ‘సిమ్డ్ రిడక్షన్’ అనే సూచన దానికోసమే ఉంది. లూపు పైన ఒక్క పంక్తి రాసి, ఫలానా చలరాశిలో మొత్తం కూడుతున్నాను, క్రమం నీ ఇష్టం అని చెప్పవచ్చు. త్రెడ్లతో (పనిని ఒకేసారి నడిచే పాయలుగా విడదీయడంతో) పనిలేకుండా ఈ భాగాన్ని మాత్రమే అమలుచేసే ఫ్లాగ్ జీసీసీలోనూ క్లాంగ్‌లోనూ ఉంది. ఇల్లంతా తెరిచిపెట్టనక్కరలేదు, కావలసిన గది తాళమే ఇవ్వవచ్చు.

నాలుగో మాట, “ఎనిమిది గడులంటే ఎనిమిది రెట్ల వేగం.” ఒక వరుసను స్థిరాంకంతో గుణించి రెండో వరుసకు కలిపే లూపును లెక్కవేద్దాం. ప్రతి అంశానికి రెండు ఫ్లోట్లు చదవాలి, ఒకటి రాయాలి, మొత్తం 12 బైట్లు. వరుసలు క్యాష్‌లో (ప్రాసెసర్ పక్కనే ఉండే చిన్న, వేగమైన మెమరీలో) పట్టనంత పెద్దవనీ, మెమరీ నుంచి సెకనుకు 20 గిగాబైట్లు వస్తాయనీ అనుకుంటే సెకనుకు సుమారు 166 కోట్ల అంశాలకు మించి అందవు. 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ సైకిల్‌కు ఒక్క అంశం చొప్పున చేసినా 300 కోట్లు చేయగలదు. అంటే మామూలు కోడే మెమరీ కోసం ఎదురుచూస్తోంది. వెడల్పు పెంచితే ఆ ఎదురుచూపే పెరుగుతుంది.

ఇలాంటిచోట కంపైలర్ ఫ్లాగులకన్నా డేటా అమరిక ఎక్కువ ఇస్తుంది. ఒక్కో కణం వివరాలు 32 బైట్ల స్ట్రక్చర్‌లో ఉన్నాయనుకోండి, లూపుకు అందులోని ఒక్క ఫ్లోట్ చాలు. మెమరీ నుంచి ఒకసారికి వచ్చే 64 బైట్ల ముక్కను (క్యాష్ లైను) తెస్తే పనికొచ్చేవి రెండే సంఖ్యలు. ఆ ఫ్లోట్లన్నింటినీ విడిగా ఒక వరుసలో పేరిస్తే అదే లైనులో పదహారు వస్తాయి, వెక్టర్ రిజిస్టర్‌లోకి నేరుగా ఎక్కుతాయి. ఈ మార్పును కంపైలర్ మనకోసం చేసిపెట్టదు, స్ట్రక్చర్ అమరిక ప్రోగ్రామ్ అంతటా పాకి ఉంటుంది కాబట్టి.

చివరి మాట, “తేలిపోయిన సమస్య.” ఒక్కోటి 64 అంశాలు పట్టే ఎనిమిది వెక్టర్ రిజిస్టర్లతో క్రే-1 యంత్రం 1976లోనే వచ్చింది, ఫోర్ట్రాన్ లూపులను వాటికోసం మార్చే కంపైలర్లూ ఆ కాలం నుంచే ఉన్నాయి. అయినా 2011లో ఇలినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు జీసీసీ, ఇంటెల్, ఐబీఎం కంపైలర్లను పరీక్షిస్తే, కంపైలర్లను పరీక్షించడానికే రాసిన 151 చిన్న లూపుల్లో 45 నుంచి 71 శాతమే వెక్టరైజ్ అయ్యాయి. నిజమైన అప్లికేషన్లలో అయినవి కొన్నే.

ఆ తర్వాత కంపైలర్లు బాగా ఎదిగాయి, వాటిమీద పనిచేసేవాళ్ల శ్రమను తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. జీసీసీ 12 నుంచి ఓ2లోనే (ఓ3కి ఒక మెట్టు కింద) వెక్టరైజేషన్ మొదలైంది. అయితే మొదట్లో చాలా పొదుపైన కొలతతో: వెక్టర్ కోడ్ మామూలు కోడ్ స్థానాన్ని పూర్తిగా తీసుకోగలిగితేనే. వెతుకుతున్నది దొరకగానే మధ్యలో ఆగిపోయే లూపులు ఎంత మామూలో మీకు తెలుసు. అలాంటి లూపులకు జీసీసీలో దారి దొరికింది 2024లో వచ్చిన 14వ వెర్షన్‌లో, అదీ కొన్ని షరతులతో. ఆగాల్సిన చోటు దాటి ముందుకు చదివితే మనది కాని మెమరీ పేజీని తాకి ప్రోగ్రామ్ కూలిపోవచ్చు, అందుకే అంత ఆలస్యం. మరోవైపు లక్ష్యమే కదులుతోంది. ఆర్మ్ ప్రాసెసర్ల ఎస్‌వీఈ వెక్టర్ ఆదేశాల్లో రిజిస్టర్ వెడల్పు 128 నుంచి 2048 బిట్ల వరకు ఉండవచ్చు. 2021లో ఖరారైన రిస్క్-ఫైవ్ ప్రాసెసర్ల వెక్టర్ ప్రమాణంలోనూ వెడల్పు యంత్రాన్ని బట్టి ఉంటుంది. ఎన్ని గడులున్నాయో తెలియకుండానే కోడ్ తయారుచేసే నేర్పు కంపైలర్లకు కొత్తగా కావలసివచ్చింది.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుంది. లూపుల విషయంలో అలా కుదరదు. పక్కపక్కనే ఉన్న రెండు లూపుల్లో ఒకటి మారుతుంది, ఒకటి మారదు. ఎక్కువ సమయం తినే లూపులు ఏవో ప్రొఫైలర్‌తో తేల్చుకుని, వాటి వరకైనా కంపైలర్ నివేదిక చదవాలి.

పిక్సెళ్ల లూపు రాసిన ఆ అమ్మాయి ఇప్పుడు ఒక పని చేస్తోంది. తన ఫైల్లోని ముఖ్యమైన ఏడు లూపులకు వచ్చే కంపైలర్ నివేదికను భద్రపరిచింది. ప్రతి బిల్డులో (ప్రోగ్రామ్‌ను మళ్లీ కంపైల్ చేసినప్పుడల్లా) కొత్త నివేదికను దానితో పోల్చి, ఏ లూపైనా వెక్టర్ రూపం కోల్పోతే బిల్డు ఆగేలా స్క్రిప్టు రాసుకుంది. నిరుడు ఎవరో ఒక లూపులో లాగ్ రాసే పిలుపు చేర్చినప్పుడు బిల్డు అలాగే ఆగింది.