పలక ఒక్కటి చాలు, విమానం పాతదే!

1940 మే నెలలో ఫ్రాన్స్‌లోని కలే ఇసుక తీరంలో కూలబడిన పీ9374 నంబరు స్పిట్‌ఫైర్ అనే బ్రిటిష్ యుద్ధవిమానాన్ని సముద్రం 1980లో బయటపెట్టింది. 2011లో అది మళ్లీ ఎగిరింది. 2015లో క్రిస్టీస్ వేలంలో 31 లక్షల పౌండ్లు పలికింది. ఓర్వలేనివాళ్లు మాత్రం "అందులో పాతదెంత?" అని గొణుగుతున్నారు. వాళ్ల నోరు మూయించక తప్పదు.

దశాబ్దాలు ఉప్పునీళ్లలో నానిన అల్యూమినియం ముట్టుకుంటే రాలుతుంది. ఆ రేకుతో ఎగురుతానంటే ఏ అధికారీ సంతకం పెట్టడు. అందుకే పాత విమానాన్ని మళ్లీ ఎగిరించే ఇలాంటి పనుల్లో రేకు కొత్తది, రివెట్లు కొత్తవి. రెక్కను మోసే స్పార్ కూడా చాలావరకు కొత్తదే: ఒకదాంట్లో ఒకటి దూర్చిన చదరపు గొట్టాలు, కొసకు పోయేకొద్దీ ఒక్కొక్కటే తగ్గుతాయి. పాత ముక్కలు కొలతలు తీసుకోవడానికి పనికొస్తాయి. మరి పాతదేది? విమానం నంబరు చెక్కిన తయారీ పలక! తాతగారి ఇంటి నంబరు పలక దాచి, ఇల్లు పడగొట్టి, అపార్ట్‌మెంట్ కట్టి, దానికే ఆ పలక బిగిస్తే తాతగారి ఇల్లు కాదనే దమ్ము ఎవరికుంది?

ఆ లెక్కన మనకూ హక్కుంది. 1940లో స్పిట్‌ఫైర్లతో బ్రిటన్‌ని కాపాడిన వైమానిక దళాల్లో 152వ స్క్వాడ్రన్‌కి హైదరాబాద్ పేరే ఉంది, చిహ్నంలో నిజాం తలపాగా ఉంది. పలక దొరకడమే ఆలస్యం.

ఇక ప్రామాణికత. రేకు కొత్తదైనా రోగాలన్నీ అసలువే. తొలి స్పిట్‌ఫైర్లలో ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్ రేడియేటర్ కుడి రెక్క కింద ఉంటుంది. నేలమీద ఉన్నంతసేపూ చక్రం కాలు దానికి అడ్డం. ప్రొపెల్లర్ గాలీ సరిగా తగలదు. స్టార్ట్ చేసిన కొద్ది నిమిషాల్లో గాల్లోకి లేవకపోతే కూలెంట్ మరిగిపోతుంది. కాబట్టి ఎయిర్‌షోలో ముఖ్య అతిథి ప్రసంగం ముగిశాకే దాని మెర్లిన్ ఇంజన్ తిప్పాలి. ఇది ఇంజనీరింగ్ నియమం, ప్రోటోకాల్ కాదు. పోనీ తక్కువ వేగంలో తిప్పుతూ కూర్చుందామా అంటే 12 సిలిండర్ల 24 స్పార్క్ ప్లగ్గులకీ మసి పట్టడం మొదలవుతుంది. ప్లగ్గులకి కరెంటిచ్చే మాగ్నెటో పరీక్షలో ఆర్‌పీఎం మరీ పడిపోతే ఆ రోజుకి షో అయిపోయినట్టే.

లేచాక ఇంకో వేడుక. తొలి రకాల్లో చక్రాలు ముడవాలంటే కుడిచేత్తో పంపు కొట్టాలి. అందుకని విమానాన్ని నడిపే స్టిక్ ఎడమ చేతికి మారుతుంది. ఒక చెయ్యి పంపు కొడుతుంటే రెండోది తెలియకుండానే అదే తాళం వేస్తుంది. విమానం ముక్కు పైకీ కిందికీ ఊగుతుంది. జనం అది విన్యాసమనుకుని చప్పట్లు కొడతారు. పైలట్ వద్దనడు.

తుపాకుల సంగతి. ఉండేవి ఎనిమిది, అవీ పేలనివి. వాటి రంధ్రాల మీద ఎర్ర గుడ్డ ముక్కలు మాత్రం శ్రద్ధగా అతికిస్తారు. పైన చలికి తుపాకులు గడ్డకట్టకుండా ఆనాడు వేసిన ఏర్పాటు అది. తిరిగొచ్చిన విమానం మీద గుడ్డ చిరిగి ఉంటే పైలట్ కాల్చాడని నేలమీది సిబ్బందికి తెలిసేది. ఇప్పుడు చిరిగితే, పార్కింగ్‌లో ఏ పిల్లాడో వేలు పెట్టి పొడిచాడని తెలుస్తుంది.