మహారాజశ్రీ ఎవ్రీవన్ ఫుల్ కంట్రోల్ గారికి

మహారాజశ్రీ ఎవ్రీవన్ గారికి,
సర్వర్ గది, డి డ్రైవ్, డేటా ఫోల్డర్, సెక్యూరిటీ ట్యాబ్, మొదటి వరస.

అయ్యా, ఉభయకుశలోపరి.

అలవాటుకొద్దీ అలా రాశాం గానీ, కుశలమంతా మీ వైపే ఉంది. విండోస్ సర్వర్‌లో ఎవ్రీవన్ అంటే లోపలికి వచ్చే ప్రతి అకౌంటూ, ఫుల్ కంట్రోల్ అంటే ఆ ఫోల్డర్ మీద ఉన్న హక్కులన్నీ. ఆ గడిలో మీకు టిక్కు పడిన రోజు నుంచి మీకే లోటూ లేదు. మిగతా ఉద్యోగుల అకౌంట్లకు ఎస్-1-5-21తో మొదలై మూరెడు పొడుగున సాగే నంబర్లుంటాయి. మీ నంబరు మాత్రం ఎస్-1-1-0, జమీందారు బిడ్డకు పెట్టుకున్న ముద్దుపేరులా. 1993లో విండోస్ ఎన్‌టీతో పాటు ఫైళ్లనూ వాటి హక్కులనూ డిస్కు మీద ఉంచే ఎన్‌టీఎఫ్ఎస్ పుట్టినప్పటి నుంచీ మీరున్నారు. మీ తర్వాత వచ్చిన మేనేజర్లు ఎందరో రిటైరైపోయారు.

మీరు గృహప్రవేశం చేసే ముహూర్తం మాకు తెలుసు. నెల 20వ తేదీ, సాయంత్రం ఆరు. జీఎస్టీ నెల రిటర్ను జీఎస్టీఆర్-3బీకి ఆఖరి రోజు. అకౌంట్స్‌లో ఎక్సెల్ షీటు సేవ్ కావడం లేదు, యాక్సెస్ డినైడ్ అంటోంది. ఫోనెత్తినవాడు రైట్‌క్లిక్, ప్రాపర్టీస్, సెక్యూరిటీ, ఎడిట్, యాడ్ అని వరసగా నొక్కుకుంటూ పోయి, మీ పేరు కొట్టి, ఫుల్ కంట్రోల్ పెట్టి ఓకే అంటాడు. "ఇప్పుడు చూడండి మేడమ్." "ఆఁ, వచ్చింది సార్." రేపు తీసేద్దాంలే అనుకుంటాడు. ఆ రేపు కిరాణా కొట్టు గోడ మీద "అప్పు రేపు" అని రాసి ఉంటుందే, ఆ రేపే.

అసలు జబ్బేమిటో ఎవరూ చూడలేదు. అడ్వాన్స్‌డ్ నొక్కి, ఎఫెక్టివ్ యాక్సెస్ ట్యాబ్‌లో ఆవిడ పేరిస్తే ఏ హక్కు ఉందో, ఏది లేదో అరనిమిషంలో తెలిసేది. చాలాసార్లు సంగతి ఇంతే: పొద్దున్నే ఆవిడను గ్రూపులో చేర్చారు, ఆవిడ మాత్రం అంతకుముందే లాగిన్ అయి కూర్చుంది. ఎవరు ఏ గ్రూపులో ఉన్నారన్న చీటీ లాగిన్ అయ్యేటప్పుడు రాసిస్తారు. లాగాఫ్ అయి మళ్లీ వస్తేనే కొత్త చీటీ. గ్రూపులోంచి తీసేసినవాడికీ ఇదే లెక్క, పాత చీటీతో కాసేపు తిరుగుతూనే ఉంటాడు.

పోనీ, నిజంగానే హక్కు తక్కువైందనుకుందాం. ఆవిడకు కావలసింది మాడిఫై. తెరవడం, రాయడం, కొత్త ఫైలు చేయడం, పాతది చెరపడం, ఆఫీసు పనంతా అందులోనే ఉంది. ఫుల్ కంట్రోల్ ఇంకో మూడు కలుపుతుంది: పర్మిషన్లు మార్చే హక్కు, ఓనర్‌షిప్ తీసేసుకునే హక్కు, ఫైలు మీద డిలీట్ లేకపోయినా పై ఫోల్డర్ బలంతో దాన్ని లేపేసే హక్కు. అద్దెకొచ్చినవాడికి తాళంచెవి ఇస్తారు. మీరు దస్తావేజులు కూడా చేతిలో పెట్టారు. అది మీ సొమ్మా అంటే కాదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు.

మీకు అన్యాయం చేయకూడదు కనుక ఒక మాట. ఫోల్డర్‌ను నెట్‌వర్క్‌లో పంచే షేరింగ్ ట్యాబ్‌లో మీరుంటే మాకు పెద్ద పేచీ లేదు. నెట్‌వర్క్ మీద వచ్చేవాడు షేర్ గుమ్మం, ఎన్‌టీఎఫ్ఎస్ గుమ్మం రెండూ దాటాలి. రెండింట్లో ఏది ఇరుగ్గా ఉంటే అదే చెల్లుతుంది. షేర్ గుమ్మానికున్నవి మూడే కొలతలు: రీడ్, చేంజ్, ఫుల్ కంట్రోల్. అంత మోటు గుమ్మం దగ్గర మిమ్మల్ని నిలబెట్టి, అసలు కాపలా లోపలి గుమ్మం దగ్గర పెట్టుకోవడం తెలిసినవాళ్లు చేసే పనే. మేమైతే అక్కడా మీకు చేంజ్‌తోనే సరిపెడతాం. దీన్ని తిరగేసి, షేర్ బిగించి లోపల మిమ్మల్ని వదిలేసేవాళ్లతోనే తంటా. రిమోట్ డెస్క్‌టాప్‌తో నేరుగా సర్వర్‌లోకి దిగినవాడికి షేర్ గుమ్మమే ఉండదు. వీధి గేటుకు వాచ్‌మన్, పెరటివైపు ప్రహరీ లేదు.

ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందంటారు. మీ పాలనలో జీతాల షీటు గతి అదే. పాన్, బ్యాంకు ఖాతా, ఇంటి అడ్రస్ అన్నీ అందులోనే. నిన్న చేరిన ట్రైనీకీ తెరుచుకుంటుంది. 2023 డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం ఇలాంటి సమాచారానికి తగిన కాపలా పెట్టకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా అంటోంది. అది మీరు కట్టరు. షేర్ చేసిన ఫోల్డర్ మీద నడిచే టాలీ డేటా ఇంకా ముచ్చట. కంపెనీల అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎడిట్ లాగ్ ఉండి తీరాలని 2023 ఏప్రిల్ 1 నుంచి నిబంధన. ఏ వోచర్ ఎవరు దిద్దారో అది చెబుతుంది. ఫోల్డర్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎత్తుకుపోయినవాడి సంగతి దానికి తెలియదు. ఇక ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే రాన్సమ్‌వేర్ మిమ్మల్ని కన్నబిడ్డలా ప్రేమిస్తుంది. అటాచ్‌మెంట్ నొక్కినవాడికి ఎక్కడెక్కడ రాసే హక్కుందో అక్కడిదాకా పాకుతుంది. మీరున్నచోట దానికి హద్దేముంది?

దొంగల కంటే రోజూ ప్రాణం తీసేది మాత్రం ఎలుక జారడం. 2023-24 బిల్లుల ఫోల్డర్ మీద క్లిక్ చేయబోయి చెయ్యి రెండంగుళాలు జరిగితే, అది చడీచప్పుడు లేకుండా 2022-23లోకి దూరిపోతుంది. "ఫోల్డర్ డిలీటైపోయింది" అని గోల. బ్యాకప్ తీయబోయేముందు సెర్చ్ చేయండి, నూటికి తొంభై సార్లు పక్క ఫోల్డర్ కడుపులోనే దొరుకుతుంది. ఫోల్డర్‌ను జరపాలంటే దాని మీద డిలీట్ హక్కు కావాలి, లేదా దాని పై ఫోల్డర్‌లో పిల్లల్ని చెరిపే హక్కు ఉండాలి. మీరు రెండూ ఇచ్చారు. అందుకే మేం ఒకే గ్రూపుకు రెండు వరసలు రాస్తాం. డిపార్ట్‌మెంట్ ఫోల్డర్ మీద "దిస్ ఫోల్డర్ ఓన్లీ" అని చదవడం, కొత్త ఫైళ్లు, కొత్త ఫోల్డర్లు చేయడం. రెండో వరసలో "సబ్‌ఫోల్డర్స్ అండ్ ఫైల్స్ ఓన్లీ" అని మాడిఫై. దాని పైనున్న డేటా ఫోల్డర్ మీద ఉత్త రీడ్, అదీ ఆ ఫోల్డర్ వరకే. ఇక అకౌంట్స్ ఫోల్డర్ హెచ్‌ఆర్‌లోకి కాపురానికి వెళ్లదు.

ఇంత చెప్పాక ఒకడు లేచి, లోపలి ఫైళ్లకూ డిలీట్ తీసేద్దామంటాడు. తీసేస్తే వర్డ్, ఎక్సెల్ సేవ్ కావు. అవి ముందు తాత్కాలిక ఫైలులో రాసుకుని, పాతదాన్ని తప్పించి, దాని పేరు కొత్తదానికి పెడతాయి. తప్పించడం అంటే డిలీటే.

హక్కిచ్చే అలౌ గడి పక్కనే, హక్కు లేదని చెప్పే మీ తమ్ముడు డినై గురించీ రెండు మాటలు. మీ మీద కోపంతో కొందరు మీ పేరుకెదురుగా డినై టిక్కు పెడతారు. ఎవ్రీవన్ అంటే అడ్మిన్ కూడా అన్న సంగతి ఓకే నొక్కాక గుర్తొస్తుంది. పైగా పైనుంచి వారసత్వంగా దిగివచ్చిన డినైని, ఆ ఫోల్డర్ మీదే నేరుగా రాసిన అలౌ ఓడిస్తుంది. డినై ఎప్పుడూ గెలుస్తుందని నమ్మి నిద్రపోయినవాళ్లు చాలామంది.

కనుక ఖాళీ చేయమని ఇదే నోటీసు. మిమ్మల్ని మెడపట్టి గెంటం, వరసగానే పంపిస్తాం. ముందు ఉన్న పర్మిషన్లన్నీ ఐక్యాకిల్స్ (icacls) అనే విండోస్ కమాండుతో, స్లాష్ సేవ్, స్లాష్ టి పెట్టి ఒక ఫైల్లోకి దాస్తాం. పలికితే కాకుల్ని పిలిచినట్టుంటుంది గానీ మంచి కమాండు. ఓనర్ల వివరాలు దానిలోకి రావు, అవి విడిగా రాసుకోవాలి. వెనక్కి పెట్టేటప్పుడు అదే ఫోల్డర్ దారి ఇస్తే ఫైల్ దొరకలేదంటుంది. డి డ్రైవ్‌లోని డేటాను సేవ్ చేసి ఉంటే రిస్టోర్‌కు ఒక మెట్టు పైన, డి డ్రైవ్‌నే చూపించాలి.

తర్వాత ఫోల్డర్‌కు రెండేసి గ్రూపులు, మార్చేవాళ్లకొకటి, చూసేవాళ్లకొకటి. మనిషి పేరు ఫోల్డర్ మీద రాయం. రాస్తే ఉద్యోగం మానేసి అకౌంటు పోయాక ఆ పేరు చోట ఎస్-1-5-21 తోక మిగిలి, ఆబ్దికం పెట్టేవాళ్లు లేని పితృదేవతలా వేలాడుతుంది. అదే పేరుతో మళ్లీ అకౌంటు తెరిచినా నంబరు వేరు, హక్కు తిరిగిరాదు.

గ్రూపులెక్కి, జనం లాగాఫ్ అయి లాగిన్ అయ్యాకే మీ వరస తీస్తాం. పైనుంచి వారసత్వంగా వచ్చిన వరసైతే రిమూవ్ పనిచేయదు. డిజేబుల్ ఇన్హెరిటెన్స్ నొక్కాలి. అప్పుడడిగే రెండు ప్రశ్నల్లో ఉన్నవాటిని సొంతం చేసుకోమన్నదే ఎంచుకోవాలి. అన్నీ తీసేయమన్నది నొక్కితే మీతో పాటు అడ్మినిస్ట్రేటర్లూ బయట పడొచ్చు. ఆ పక్కనే, కింద ఉన్నవన్నీ మార్చేయమనే గడి ఒకటుంది. లోపల ఎండీ గారి ఫోల్డర్‌కు విడిగా వేసిన తాళాలన్నీ ఆ ఒక్క టిక్కుతో ఊడిపోతాయి. దాని జోలికి పోం.

మీరు వెళ్లాక ఇల్లు ఖాళీ అయిందనుకోవడం పొరపాటు. డ్రైవ్ మొదటి మెట్టు నుంచి యూజర్స్ అనే మీ చుట్టం దిగివచ్చి కూర్చుని ఉంటాడు. డొమైన్ యూజర్స్ అందరూ వాడి సభ్యులే. వాడిని కూడా తీయకపోతే జీతాల షీటు మార్చలేరు, హాయిగా చదువుకుంటారు. క్లౌడ్‌లో మీకు ఇంకో అవతారం ఉందని విన్నాం, లింకు ఉన్న ప్రతివాడూ అని. వారికి విడిగా ఉత్తరం రాస్తాం.

ఇట్లు,
ఫోల్డర్ల బాగోగులు చూసేవాళ్లు

తా.క.: మీరు వెళ్లిన మర్నాడు మొదటి ఫోను జెరాక్స్ మెషీన్ దగ్గర్నుంచి వస్తుందని తెలుసు, స్కాన్ చేసిన పీడీఎఫ్ ఫోల్డర్‌లోకి రావడం లేదని. ఇన్నాళ్లూ అది మీ పేరు చెప్పుకునే బతికింది. దానికి విడిగా ఒక అకౌంటు తెరిచి, స్కాన్ ఫోల్డర్ ఒక్కదానికే మాడిఫై ఇచ్చాం. శుక్రవారం సాయంత్రమే ఒక పేజీ పెట్టి చూశాం. వచ్చింది.