కాలిన అడవిలో కబ్జాదారులు

అడవి తగలబడితే మనుషులం ఒక పద్ధతి పాటిస్తాం. ముందు టీవీలో చూస్తాం, తర్వాత అయ్యో అంటాం, ఆ తర్వాత మాడిన మానులకు ధర కడతాం. పిట్టలకు ఈ మర్యాద తెలియదు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్టు, బూడిద చల్లారీ చల్లారకముందే దిగిపోతాయి.

మొదటి ముద్దాయి ఉత్తర అమెరికాలోని నల్లవీపు వడ్రంగి పిట్ట. వీపు అచ్చం బొగ్గు రంగు. కాలిన మానుకు అతుక్కుందంటే కనిపించదు. ముందే యూనిఫాం కుట్టించుకుని వచ్చిందంటే కుట్ర కాక ఏమిటి? పైగా తన జాతిలో చాలావాటికి కాలికి నాలుగు వేళ్లుంటే దీనికి మూడే. వేలిముద్రల కాగితంలో కూడా ఒక గడి ఖాళీ!

మసిబారిన బెరడును ముక్కుతో ఓరగా కొడుతుంది. పెచ్చు ఊడి పడగానే లోపలినుంచి బొద్దుగా ఉన్న తెల్లటి పురుగును లాగి మింగుతుంది. ఆ పురుగుల వంశమూ తక్కువది కాదు. కొన్ని పెంకు పురుగులకు మంట వేడిని దూరం నుంచే పసిగట్టే అవయవాలు ఒంట్లోనే ఉన్నాయి. ఫైరింజన్ వెనక్కి వెళ్లకముందే గుడ్లు పెట్టేస్తాయి.

కొన్నేళ్లకు పురుగులు తగ్గగానే మన వడ్రంగి చెక్కేస్తుంది. వదిలేసిన తొర్రలో నీలి పిట్టలు కాపురం పెడతాయి. అద్దె లేదు, అగ్రిమెంట్ లేదు. ఈ అరాచకం ఆపడానికే కాబోలు, 'చచ్చిన చెట్లే కదా' అని మనం లారీలు పంపుతుంటాం.

అమెరికాలోని మిషిగన్‌లో ఉండే కిర్ట్‌లాండ్ వార్బ్లర్ అనే పిట్ట గొంతెమ్మ కోరికలు ఇంకా ఘోరం. దానికి జాక్ పైన్ అడవే కావాలి, అదీ లేతగా ఉండాలి. గూడు కింది కొమ్మల చాటున నేల మీద కడుతుంది. ఆ చెట్టు కాయలేమో వేడి తగిలితేగానీ సరిగా విచ్చుకోవు. మనం మంటలన్నీ శ్రద్ధగా ఆర్పుతూ పోయాం, లేత అడవి కరువైంది. 1987 లెక్కల్లో పాడే మగపిట్టలు 167 మాత్రమే తేలాయి. దీనికోసమే 1980లో అటవీశాఖ పెట్టిన చిన్న మంట అదుపు తప్పి వేల ఎకరాలు కాల్చింది. ఒక ఉద్యోగి ప్రాణం పోయింది, అందులో నవ్వడానికేమీ లేదు. పిట్టలు పెరిగింది మాత్రం ఆ నేలలో లేచిన మొక్కల్లోనే.

ఇప్పుడు నిప్పు చేయాల్సిన పని మనుషులు చేస్తున్నారు. ముదిరిన చెట్లు నరికి, మధ్యమధ్య ఖాళీలు వదిలి, మొక్కలు నాటుతున్నారు. 2019లో ఈ పిట్ట పేరును అమెరికా అంతరించే జాతుల జాబితా నుంచి తీసేశారు. అది ఒక్క థాంక్స్ కూడా చెప్పలేదు. చెట్లకు ఇరవయ్యేళ్లు రాగానే కొత్త ప్లాటు చూపించమంటోంది.