వెయ్యేళ్ల వరదకు నలభై ఏళ్ల లెక్క చాలదు

డ్యాం డిజైన్ నివేదికలో "వెయ్యేళ్ల వరద 14,870 క్యూమెక్కులు" అని రాస్తే, అందులో ఎంత తప్పుండొచ్చని అడిగేవాళ్లు తక్కువ. అడిగి తీరాలి. వెయ్యేళ్ల వరదంటే ఏ ఒక్క ఏడాదిలోనైనా వచ్చే అవకాశం వెయ్యిలో ఒకటి ఉన్న వరద; క్యూమెక్కు అంటే సెకనుకు ఒక ఘనపు మీటరు నీరు.

ఒక నదికి 40 ఏళ్ల వార్షిక గరిష్ఠాలు, అంటే ఏటా వచ్చిన అతి పెద్ద ప్రవాహాలు, ఉన్నాయనుకుందాం. సగటు 5,000, ప్రామాణిక విచలనం 2,000 క్యూమెక్కులు. అరుదైన వరదలను అంచనా వేసే గంబెల్ గణాంక పద్ధతిలో వెయ్యేళ్ల వరదకు గుణకం 4.935. విచలనాన్ని దానితో హెచ్చించి సగటుకు కలిపితే 14,870. ఇంతవరకు అందరూ చేస్తారు, చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆ అంచనాకున్న ప్రామాణిక దోషం కూడా కడితే దాదాపు 1,850 తేలుతుంది. అంటే 95 శాతం నమ్మకంతో చెప్పగలిగేది సుమారు 11,200 నుంచి 18,500 దాకా అని మాత్రమే. అదీ ఆ నదికి గంబెల్ నమూనా సరిపోతుందని ఒప్పుకుంటేనే! స్పిల్‌వేకి (డ్యాం నుంచి వరద నీటిని వదిలే దారికి) ఎన్ని గేట్లు పెట్టాలన్న ప్రశ్న మొత్తం ఈ ఏడు వేల తేడాలోనే ఉంది.

గంబెలా, దానికి పోటీ నమూనా లాగ్ పియర్సన్ టైప్-3నా అని ఏళ్ల తరబడి వాదించుకుంటున్నాం. అసలు జబ్బు నదిని కొలిచే గేజ్ స్టేషన్‌లో ఉంది. అక్కడ రోజూ చూసేది నీటిమట్టం. దాన్ని ప్రవాహంగా మార్చేది రేటింగ్ కర్వ్. ఆ కర్వ్‌ను కరెంట్ మీటర్‌తో కొలిచిన మామూలు ప్రవాహాల మీద గీస్తారు. పెద్ద వరదలో చెట్లు కొట్టుకొస్తుంటే పడవ దింపలేరు, మీటరు నిలవదు. అందుకే కర్వ్‌ను అందాజుగా పైకి పొడిగిస్తారు. సరిగ్గా ఆ మట్టంలోనే నీరు గట్టు దాటి పరుచుకుంటుంది, అడుగున ఇసుక కొట్టుకుపోయి నది లోతు మారుతుంది. పాత కర్వ్‌లో ఇవేవీ ఉండవు. పోనీ, వరద తగ్గాక గోడల మీది బురద గీతలను పట్టుకుని, నీటివాలును, నది అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి లెక్కగడదామా? మానింగ్ గరుకు గుణకం (నది అడుగు నీటిని ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె) 0.03కు బదులు 0.04 అనుకుంటే చాలు, ప్రవాహం పాతిక శాతం తగ్గిపోతుంది. వెయ్యేళ్ల అంచనాను ఎటు కావాలంటే అటు లాగేది ఇలాంటి మూడు నాలుగు పెద్ద విలువలే. అన్నిటికన్నా తక్కువ నమ్మదగినవీ అవే.

పెద్ద డ్యాములకు ఈ గొడవ అక్కర్లేదు, గరిష్ఠ సంభావ్య వరదకే (ఆ చోట రాగల అతి పెద్ద వరదకే) కడుతున్నాం కదా అంటారు కొందరు. కాంక్రీటు పోయడానికి చివరికి ఒకే అంకె కావాలని కూడా అంటారు. రెండూ న్యాయమైన మాటలే. కానీ తుపాను తేమను ఎంతకు పెంచాలి, మధ్యస్థ వరదల నుంచి తీసిన యూనిట్ హైడ్రోగ్రాఫ్ (నిర్ణీత వానకు నదీ ప్రవాహం గంటగంటకూ ఎలా మారుతుందో చూపే గీత) శిఖరాన్ని ఎంత ఎత్తాలి అన్నవి అక్కడా మనుషులు తీసుకునే నిర్ణయాలే. అంకె ఒకటే ఎంచుకోండి. దాని పక్కన దోషం రాయండి. పై హద్దు నీరు వస్తే మట్టికట్ట మీద పొర్లకుండా ఎటు పోతుందో డ్రాయింగులో చూపించండి.

1979 ఆగస్టు 11న గుజరాత్‌లో మచ్ఛు-2 డ్యాం తెగింది. స్పిల్‌వే సామర్థ్యం దాదాపు 5,660 క్యూమెక్కులు, వచ్చిన వరద అంచనా 16,300. తిరిగి కట్టినప్పుడు సామర్థ్యాన్ని సుమారు నాలుగింతలు చేశారు.

గేజ్ రికార్డుకు ముందు జరిగింది కూడా లెక్కలోకి రావాలి. ఫలానా రాతిగుర్తును 150 ఏళ్లుగా ఏ వరదా దాటలేదని తెలిసినా అది సమాచారమే. వరదల అంచనాకు అమెరికా 2018లో తెచ్చిన మార్గదర్శకాలు, బులెటిన్ 17సి, అలాంటి హద్దులను నేరుగా గణనలో వాడుకునే దారి చూపింది.

ఇదంతా జరగాలంటే గణాంకాలు బీరువాల్లోంచి బయటికి రావాలి. నదీ గణాంకాలు ప్రజల ఆస్తి. వార్షిక గరిష్ఠాల పట్టిక ఒక్కటే ఇస్తే చాలదు. ఏ విలువ కొలిచింది, ఏది పొడిగించిన కర్వ్ మీద చదివింది అన్నది ప్రతి అంకె పక్కనా ఉండాలి. వంతెనకు బిగించే రాడార్ పరికరం నీటిని తాకకుండానే పైపొర వేగం పట్టేస్తుంది, దాన్ని సుమారు 0.85తో హెచ్చిస్తే ఆ చోట సగటు వేగం వస్తుంది. వచ్చే పెద్ద వరదకు ముందే దాన్ని బిగిస్తే ఇన్నేళ్లుగా ఊహతో పొడిగించిన కర్వ్ పైకొసకు మొదటి అసలు కొలత దొరుకుతుంది.